పన్నెండంకెల చీటీ

పెట్టెలమ్మ అని ఆమెను మొదట పిలిచింది ఏడో పెట్టె దగ్గర ఊరి నీళ్ళ పంపులు చూసుకునే పంపుల తాత. భుజాన సంచి, చేతిలో గొడుగు, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు వేసుకుని మూడు నెలలకోసారి ఆమె కొండ మలుపులో కనిపించగానే, "అదిగో, పెట్టెలమ్మ వచ్చింది, ఎవరైనా టీ పెట్టండర్రా" అని కేకేసేవాడు. ఆ పేరు వాగు పొడవునా పాకింది. చివరికి ఆఫీసు గుమాస్తా కూడా ప్రయాణం ఫారం మీద అదే రాసేసి, నాలిక కరుచుకుని కొట్టేశాడు. ఆమెకు కోపం రాలేదు. యాభై రెండేళ్ళ మనిషి, అందులో పంతొమ్మిదేళ్ళు ఆ పెట్టెల చుట్టూనే తిరిగింది. వేరే పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూసేది కాదేమో.

పెట్టెలంటే నిలువెత్తు ఇనప పెట్టెలు. వాగు గట్టు వెంట పదకొండు చోట్ల నిలబెట్టారు. ఒక్కోదాని లోపల ఒక చిన్న కంప్యూటరు. దాని పనల్లా పైనుంచి వచ్చే నీళ్ళ ఎత్తు చూసుకుంటూ, అది గీత దాటగానే స్తంభం మీది సైరన్ మోగించడం. ఆ మోత విని కింద ఊరివాళ్ళు పిల్లాపాపలతో, గొడ్డూగోదాతో గట్టెక్కాలి. ఈ కంప్యూటర్లకు బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేదు. ఒకప్పుడు ఆఫీసు నుంచే రేడియో ద్వారా వాటితో మాట్లాడేవాళ్ళు. ఎవడో ప్రబుద్ధుడు ఎక్కడో కూర్చుని ఆ దారినే చొరబడి, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం పదకొండు సైరన్లూ ఒక్కసారే మోగించాడు. జనం పిల్లల్ని చంకనేసుకుని కొండెక్కి, వాగులో పాదం తడిసేంత నీళ్ళయినా లేవని చూసి, దిగొచ్చి ఆఫీసు వాళ్ళను కడిగిపారేశారు. ఆ దెబ్బతో ఏంటెన్నాలన్నీ పీకించేశారు. అప్పటినుంచీ పెట్టెలోకి ఏ అప్‌డేట్ వెళ్ళాలన్నా మనిషి కాళ్ళ మీద నడిచి వెళ్ళాల్సిందే. ఆ కాళ్ళు పెట్టెలమ్మవి.

అప్‌డేట్ అనే మాట ఊళ్ళవాళ్ళకు నోరు తిరక్క కాదు గానీ, వాళ్ళు దాన్ని మందు అనేవాళ్ళు. "పెట్టెకు మందేశావా అమ్మా?" "వేశాను తాతా, మూడు నెలలు జ్వరం రాదు." ఈ మందు వెయ్యడానికి ఒక పద్ధతి ఉంది. అది ఎంత గట్టి పద్ధతంటే, కొత్తగా చేరినవాళ్ళకు పెట్టెలమ్మ మొదటి నెలంతా అదే వల్లెవేయించేది. ఆఫీసులో ఒకరు ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టి, కవరుకు సీలు వేస్తారు. పక్క భవనంలో పరీక్షల మేడం అదే ఫైలును పరీక్షించి, దాని నుంచి కంప్యూటరు లెక్కగట్టే పన్నెండంకెల సంఖ్యను చీటీల మీద అచ్చు తీస్తుంది. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ పన్నెండంకెలూ మారిపోతాయి. ఆ చీటీలు వారం ముందే పోస్టులో ఒక్కో పెట్టె తాళంచెవి ఉన్న మనిషికి చేరతాయి. పెట్టెలమ్మ పెన్‌డ్రైవ్ పెట్టగానే పెట్టె తెర మీద పన్నెండంకెలు వస్తాయి. ఆమె పైకి చదవాలి, అవతలి మనిషి తన చీటీలో చూసుకోవాలి. కలిస్తేనే తాళం తిప్పాలి, అప్పుడే ఫైలు పెట్టెలోకి ఎక్కుతుంది. ఆఫీసు ముద్ర లేని ఫైలును పెట్టె ఎలాగూ తీసుకోదు. కానీ ఆఫీసులో తయారైన ప్రతి ఫైలుకీ ఆ ముద్ర ఉంటుంది, పూర్తయినదానికీ, సగం ఉడికినదానికీ. తేడా చెప్పేది చీటీ ఒక్కటే. అందుకే చీటీ, పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఒకే చేతిలో ప్రయాణం చెయ్యకూడదు.

పంతొమ్మిదేళ్ళలో ఆమె ఈ నియమం ఒక్కసారి తప్పింది. ఎవరి కోసం తప్పిందో చెప్పాలంటే ఆమె చెల్లెలి సంగతి చెప్పాలి.

తల్లి పోయేనాటికి పెట్టెలమ్మకు పద్దెనిమిదేళ్ళు, చెల్లెలికి ఏడు. తండ్రి ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. ఆ పిల్లకు జడ వేయడం దగ్గర్నుంచి పరీక్ష ఫీజు కట్టడం దాకా అక్కే. రేడియోలు, గడియారాలు బాగుచేసే షాపులో పనికి కుదిరి, అక్కడే సర్క్యూట్లు నేర్చుకుని, వాగు ఆఫీసులో సంచి మోసే పనిలో చేరి, మోస్తూ మోస్తూ సంచిలో ఉన్నదాని సంగతి కూడా నేర్చేసుకుంది. సంబంధాలు వచ్చాయి. ముందు చెల్లెలిది కానీ అంది. చెల్లెలిది అయ్యేసరికి సంబంధాలు రావడం మానేశాయి. దీనికి ఆమె ఏడ్చిందీ లేదు, త్యాగం చేశానని చెప్పుకున్నదీ లేదు. "నాకు పదకొండు పెట్టెలున్నాయి, ఇంకో సంసారం ఎందుకు?" అని నవ్వేసేది.

చెల్లెలి మొగుడు నోట్లో నాలుక లేనివాడు. "వదినా" అంటే అందులో సగం మాట గొంతులోనే ఉండిపోయేది. ఎక్కడా నిలదొక్కుకోలేకపోతుంటే పెట్టెలమ్మే ఆఫీసులో పెద్దల కాళ్ళావేళ్ళా పడి చేర్పించింది. ఫైలు సీలు వేయడం తనే చేయి పట్టుకుని నేర్పింది. ఆరేళ్ళలో అతను సీలు వేసే పని మొత్తం చూసుకునే స్థాయికి వచ్చాడు. "మా మరిదిగారు సీలు వేస్తే దేవుడు కూడా విప్పలేడు" అని అందరి దగ్గరా చెప్పుకునేది, మొహమాటం లేకుండా. చెల్లెలి ఇల్లు ఆమె ఇంటికి మూడిళ్ళ అవతలే. ఆదివారం భోజనం అక్కడే.

ఆ ఆదివారం భోజనాలయ్యాక మరిది ఒక కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"వదినా, పరీక్షల మేడం సెలవులో వెళ్ళింది. చీటీలు నన్నే అచ్చు తీసి పంపించమంది. పనుల్లో పడి పోస్టు చెయ్యలేకపోయాను. రేపు పొద్దున్నే నువ్వు బయల్దేరుతున్నావు కదా, ఇప్పుడు వేసినా నీకంటే ముందు చేరవు."

"అయితే నా ప్రయాణం వారం వెనక్కి జరపండి."

"వానలు దగ్గరకొచ్చాయి వదినా. పై నుంచి ఒకటే ఒత్తిడి. నా వల్ల ఆగిందని తెలిస్తే..." అంటూ నీళ్ళు నమిలాడు.

చెల్లెలు ఎంగిలి కంచాలు తీస్తూ, "తీసుకెళ్ళవే అక్కా, నువ్వేమన్నా పరాయిదానివా? ఒకే ఇంట్లో ఈ చాదస్తం ఏంటి?" అంది. తడవకుండా ఉండాలని తనే లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవరు తెచ్చి, కట్టను అందులో పెట్టి, రబ్బరుబ్యాండు వేసి అక్క సంచిలో కుక్కింది. పెట్టెలమ్మ కాదనలేకపోయింది. నిజం చెప్పాలంటే, కాదనాలని గట్టిగా అనిపించను కూడా లేదు. అంత నమ్మకం.

తర్వాత జరిగిందాన్ని ఆమె తప్పు అనాలా, పిచ్చి అనాలా? ఒక్కో పెట్టె దగ్గరా తనే సంచిలోంచి చీటీ తీసి తాళం మనిషి చేతిలో పెట్టింది, తనే తెర మీది అంకెలు చదివింది. ఏడో పెట్టె దగ్గర పంపుల తాత చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈసారి కవరు లేదేంటమ్మా? పోస్టు ముద్ర లేదు."

"ఆలస్యమైంది తాతా, నేనే తెచ్చాను."

"నువ్వు తెస్తే ఇక చూసేదేముంది? చదువు."

ఆమె చదివింది. అంకెలు కలిశాయి. కలవకేం చేస్తాయి? తాత తాళం తిప్పాడు. తాత పెళ్ళాం ఆమెకు దారిలో తినమని జామకాయలు ఒళ్ళో పోసింది.

పదిరోజుల తర్వాత పైన కొండల్లో వాన పడింది. పట్టపగలు, పదిన్నర వేళ, వాగు ఒక్కసారిగా పొంగింది. ఏడో పెట్టె నీళ్ళను చూసింది, ఎత్తు కొలిచింది, సెకనుతో సహా లోపల రాసుకుంది. సైరన్ మాత్రం మోగించలేదు. గట్టు దిగువన బట్టలుతుకుతున్న తాత పెళ్ళాం నీళ్ళలో కొట్టుకుపోయి పంపు గొట్టానికి చుట్టుకుంది. ప్రాణం దక్కింది గానీ తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. ఆ వయసులో ఆ ఎముక మళ్ళీ అతకడం కష్టమన్నారు డాక్టర్లు.

పెట్టెలు విప్పి చూస్తే విషయం తేలింది. పెట్టెల్లోకి వెళ్ళింది పరీక్షల కోసం చేసిన ఫైలు. ఆఫీసు గదిలో సైరన్ మోగితే చెవులు చిల్లులు పడతాయని, దాని నోరు కట్టేసి తయారు చేసుకున్నది. పదకొండు పెట్టెల్లోనూ అదే. వాగు పొడవునా పది రోజులుగా సైరన్లన్నీ మూగవే. మిగిలిన పది ఊళ్ళూ అదృష్టం కొద్దీ బతికిపోయాయి.

విచారణకు వేరే ఊరి నుంచి ఒక అధికారి వచ్చాడు. నెమ్మదైన మనిషి. గోడవారన పాత ఫైళ్ళు పేర్చిన గదిలో పొడవాటి బల్ల. ఒక కొస పెట్టెలమ్మ, రెండో కొస మరిది. పెట్టెలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. చీటీలు తను మోయడం తప్పేనంది. ఆ తప్పుకు ఏ శిక్ష వేసినా పడతానంది. కానీ చీటీలు ఇచ్చింది మరిదని, అచ్చు తీసిందీ అతనేనని చెప్పింది. మాట్లాడుతూ మరిది వైపు చూసింది, అతను అవునంటాడని. అనుకోవడం కాదు, అందులో ఆమెకు అనుమానమే లేదు.

మరిది గొంతు సవరించుకున్నాడు. "నేను ఆవిడకు చీటీలు ఇవ్వలేదండి. నేను పోస్టులోనే పంపాను. సరైన ఫైలుకే సీలు వేశాను, సరైన చీటీలే పంపాను. కాస్త ఆలస్యంగా పంపాను, అది నా పొరపాటు."

ఆ మనిషి నోట్లో నాలుక మొదటిసారి అంత తిన్నగా కదలడం చూసి పెట్టెలమ్మ తెల్లబోయింది.

అధికారి ఫైల్లోంచి పదకొండు కవర్లు తీసి బల్ల మీద పరిచాడు. పోస్టు ముద్రలున్న కవర్లు. లోపల వేరే చీటీలు, వేరే అంకెలు. ఆ అంకెలు సరైన ఫైలువి. ఆమె వెళ్ళిన అయిదారు రోజుల తర్వాత అవి ఊళ్ళకు చేరాయి. తాళం మనుషులు ఇదేదో వచ్చేసారి మందు కోసం అనుకుని రిజిస్టర్లలో దాచుకున్నారు. పంపుల తాత కూడా అంతే.

"ఒక్కో పెట్టెకూ రెండు చీటీలు ఉన్నాయమ్మా," అన్నాడు అధికారి. "పోస్టులో వచ్చినవి సరైనవి. మీరు చేత్తో తెచ్చినవి తప్పుడు చీటీలు. ఆఫీసుకూ పెట్టెకూ మధ్య పెన్‌డ్రైవ్ మీ దగ్గరే ఉంది. చీటీలూ మీ దగ్గరే ఉన్నాయి. ఎవరైనా ఏమనుకుంటారు?"

ఆమె కవర్ల మీది ముద్ర చూసింది. సోమవారం. తను బయల్దేరిన రోజు. అప్పుడు ఆమెకు మొత్తం అర్థమైంది. శనివారం అతను పొరపాటున పరీక్షల ఫైలుకే సీలు వేసి, చీటీలు కూడా దాని నుంచే అచ్చు తీశాడు. సోమవారం పొద్దున్న సరైన పెన్‌డ్రైవ్ సొరుగులోనే ఉండిపోవడం అతను చూసుకున్నాడు. ఆ వేళకు తను ఇంకా మొదటి పెట్టె కూడా చేరలేదు. ఒక జీపు పంపిస్తే మధ్యాహ్నానికల్లా తనను వెనక్కి తెచ్చేది. జీపు పంపలేదు. సరైన చీటీలు అచ్చు తీసి, తన వెనకాలే పోస్టు చేశాడు. చేతులు దులుపుకోవడానికి ఎంత తెలివి! ఆ తెలివిలో పావు వంతు శనివారం సీలు వేసేటప్పుడు ఉన్నా సరిపోయేది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చేయి పట్టుకుని నేర్పిన పని కదా ఇది, దానితోనే తన గొంతు కోశాడు. అయినా ధైర్యం పూర్తిగా చావలేదు. "ఆయన చీటీలు ఇస్తుంటే మా చెల్లెలు చూసింది. కవర్లో పెట్టి నా సంచిలో వేసిందే అది. దాన్ని పిలిచి అడగండి," అంది.

"ఆమె ఆయన భార్య కూడా కదమ్మా."

"ముందు నా చెల్లెలండి."

మర్నాడు పదకొండు గంటలకు చెల్లెలు వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కుర్చీ అంచు మీద కూర్చుంది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి. పాపం, మొగుడికి వ్యతిరేకంగా చెప్పాలంటే ఎంత కష్టమో అని పెట్టెలమ్మ గుండె కరిగింది. ఆ క్షణంలో కూడా జాలిపడింది ఆ పిచ్చి మనిషి.

"ఆ ఆదివారం మీ ఆయన మీ అక్కగారికి చీటీలు ఇవ్వడం మీరు చూశారా?"

"లేదండి."

"వాటిని మీరే సంచిలో పెట్టారని చెబుతున్నారు."

"లేదండి. ఆ ఆదివారం అక్క అసలు మా ఇంటికే రాలేదు."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. అధికారి రాసుకున్నాడు. చూడలేదంటే సర్దుకునేది. గుర్తులేదంటే క్షమించేది. అసలు రానేలేదట! తిన్న అన్నం కూడా తినలేదనేసింది తన చెల్లెలు.

సాయంత్రానికి ఆమె అనుమతి కార్డు, పెట్టెల బయటి తలుపుల తాళాల గుత్తి తీసేసుకున్నారు. ఆ కార్డు లేకుండా ఏ పెట్టె దగ్గరికీ పదడుగుల లోపుకి వెళ్ళకూడదు. ఫారం మీద పెట్టెలమ్మ అని రాసిన గుమాస్తానే తల వంచుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఆమె చేసిన ప్రయాణాలు డెబ్బై ఆరని, ఒక్కటీ తప్పలేదని మెల్లగా అన్నాడు. ఆ మాట ఫైల్లో ఎక్కదని ఇద్దరికీ తెలుసు.

ఆ వారంలోనే ఆమె బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళింది. తాత పెళ్ళాం కాలికి బరువు వేలాడదీసుకుని పడుకుని ఉంది. తాత పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"నువ్వు చదివావు, నేను తిప్పాను," అన్నాడు. "నీ మీద కోపం లేదమ్మా. కవరేదని అడిగాను కదా, ఆ అడిగినవాణ్ణి కాసేపు ఆగకపోయానే అని నా మీదే కోపం."

"కోప్పడండి తాతా. నన్ను తిట్టండి. నేను మోయకూడదు ఆ చీటీలు."

"మరి ఎందుకు మోశావు?"

ఎవరి కోసమో చెబితే అది సాకులా వినిపిస్తుందని ఆమె ఊరుకుంది. తాత కూడా మళ్ళీ అడగలేదు. వెళ్ళొస్తానంటే తల ఊపాడు, టీ తాగి వెళ్ళమని అనలేదు.

నాలుగు రోజుల తర్వాత, ఎండ వాలుతున్న వేళ చెల్లెలు అక్క ఇంటికి వచ్చింది. పెట్టెలమ్మ బూట్లకు అంటిన మట్టి గీకుతోంది. ఎందుకు గీకుతోందో ఆమెకే తెలియదు, ఇక వాటితో వెళ్ళేదెక్కడికి గనక. చెల్లెలు మంచం మీద కూర్చుని చాలాసేపు కొంగు అంచు నలిపింది.

"ఆయన్ని తిట్టుకోకక్కా," అంది చివరికి.

"తిట్టుకోక ఏం చెయ్యమంటావే? నెత్తిన పెట్టుకున్నాను మనిషిని. సోమవారం పొద్దున్నే తెలిసి కూడా, ఒక్క జీపు పంపించడానికి మనసు రాలేదా?"

"పంపిస్తానన్నారు."

గీకుతున్న చెయ్యి ఆగింది.

"సోమవారం పది గంటలకు ఇంటికొచ్చారు, మొహంలో నెత్తురు చుక్క లేదు. వదినను వెనక్కి పిలిపిస్తాను, తప్పు ఒప్పేసుకుంటానన్నారు. జీపు డ్రైవరుతో కూడా మాట్లాడారు. నేనే వద్దన్నాను." చెల్లెలు తలెత్తలేదు. "ఇప్పటికే రెండుసార్లు హెచ్చరిక ఇచ్చారక్కా ఆయనకు. నీకు చెప్పలేదు. మూడోది వస్తే ఇంటికి పంపేస్తారు. వానలకు ఇంకా నెల ఉందనుకున్నాను. ఈలోగా ఏదో వంక పెట్టి సరైన మందు మళ్ళీ నీ చేతే వేయించవచ్చు, ఎవరికీ తెలియదనుకున్నాను. కొత్త చీటీలు పంపమన్నది కూడా నేనే. ఎందుకైనా మంచిదని."

"ఎందుకైనా మంచిదని," అంది పెట్టెలమ్మ.

"నీ మీదికి ఇంత వస్తుందనుకోలేదక్కా. వచ్చాక కూడా... నువ్వు తట్టుకుంటావనుకున్నాను. చిన్నప్పట్నుంచీ అన్నీ తట్టుకున్నావు కదా. నీకేం, ఒక్కదానివి. మాకు ఇద్దరు పిల్లలు."

ఇన్నాళ్ళూ మరిది మీద పేర్చుకున్న కోపమంతా ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఆ చేతకాని మనిషి కనీసం జీపు పిలిచాడు. ఆపింది తను జడలు వేసిన పిల్ల. ఆసుపత్రి మంచం మీద విరిగిన కాలుతో పడుకున్న ముసలావిడ గుర్తొచ్చింది. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. చెల్లెలు చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది.

"ఇప్పుడు చెప్పింది ఆ గదిలో చెప్తావా?"

చెల్లెలు గుమ్మం వైపు చూసింది.

"నా కార్డు కోసం కాదే. ఆ ముసలాయన తన చేత్తో తాళం తిప్పానని కుమిలిపోతున్నాడు. ఆయనకైనా నిజం తెలియాలి. చెప్తావా?"

"పిల్లలక్కా..." అంది చెల్లెలు.

"సరే, వెళ్ళు."

చెల్లెలు లేచింది. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగి, "కోపం తగ్గాక వస్తావుగా? ఆదివారం పిల్లలు నీకోసం చూస్తారు," అంది, ఏదో చిన్న మాట పట్టింపు లాగా. పెట్టెలమ్మ తలుపు మూసింది. ఆ తలుపు చెల్లెలికి ఎప్పుడూ దగ్గరగా వేసి ఉండేది, తోసుకుని రావడమే. ఇవాళ లోపలినుంచి ఇనప గడియ రాసుకుంటూ వచ్చి పడింది.

బయట అడుగులు కదల్లేదు. కాసేపటికి చెల్లెలి గొంతు వినిపించింది, నమ్మలేనట్టుగా.

"అక్కా, గడియ పెట్టావా?"

"పెట్టాను," అంది పెట్టెలమ్మ.